తొప్పి నాదం వినిపించాలంటే

పర్లాకిమిడి,
ఆదివారం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం మొన్న చేరింది. బరంపురంలో మీ కొత్త ఇంటి హాలు పూర్తయిందనీ, టీవీకి రెండు పక్కలా పెట్టే స్పీకర్లూ రిసీవరూ ఇప్పటికే కొన్నావనీ, ఇక మిగిలింది లోతైన నాదాలు పలికే సబ్‌వూఫర్ ఒక్కటేననీ, కొంటే పన్నెండంగుళాలదే కొనమని అందరూ చెబుతున్నారనీ రాశావు. డబ్బు కట్టేముందు నన్నొకసారి అడగాలని నీకు తోచినందుకు చాలా సంతోషించాను. ఇది ఒక్క ముక్కలో తేల్చే విషయం కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో మనిద్దరం మృదంగం పక్కనే చోటు పట్టుకునేవాళ్లం, గుర్తుందా? కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు గోధుమరవ్వ ముద్దను నీళ్లతో తడిపి ఎడమ మూత నడుమ అద్ది, బొటనవేలితో చుట్టూ నొక్కి, అరచేత్తో ఒక్కసారి కొట్టి వినేవారు. నచ్చకపోతే చిటికెడు తీసి మళ్లీ కొట్టి వినేవారు. ముద్ద కుదిరిన క్షణాన తొప్పిలోంచి, అంటే ఆ ఎడమ మూతలోంచి, వచ్చే ఆ గుమ్మనే నాదం చెవికన్నా ముందు మనం కూర్చున్న చాపకు తెలిసేది. ఎన్నో ఏళ్లపాటు నేను కొన్న ఏ టేపులోనూ, ఏ సీడీలోనూ ఆ నాదం నాకు దొరకలేదు. అది రికార్డింగులోనే లేదనుకున్నాను. ఉంది, దాన్ని పలికించే స్పీకర్ కోన్ మాత్రం మా ఇంట్లో లేదు. సబ్‌వూఫర్ మీద నాకున్న మక్కువంతా అక్కడ మొదలైంది. పేలుళ్ల చప్పుళ్లతో ఇల్లు అదిరించడానికి దాన్ని కొనేవాళ్లున్నారు, వాళ్లిష్టం వాళ్లది, కానీ నువ్వు నాలాగే పాట కోసం కొంటున్నావని తెలుసు కనుక ఆ దృష్టితోనే రాస్తాను.

మన చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదని బడిలో చదువుకున్నాం. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మంద్ర షడ్జం సుమారు 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బేస్ గిటారు నాలుగు తీగల్లో అన్నిటికన్నా లావుదాని నాదం 41 హెర్ట్జ్, పియానోలో ఎడమ చివరి మెట్టుది 27.5 హెర్ట్జ్. నీ స్పీకర్లలో వూఫర్, అంటే కింది నాదాలు పలికే కోన్, ఐదంగుళాలదని రాశావు. అంత చిన్న కోన్ ఆ లోతుకు దిగేసరికి డస్సిపోతుంది. ఎందుకంటే నాదం ఒక స్థాయి కిందికి దిగినప్పుడల్లా, అంటే హెర్ట్జ్ అంకె సగమైనప్పుడల్లా, అంతే బిగ్గరగా వినిపించడానికి కోన్ నాలుగు రెట్ల దూరం ముందుకూ వెనక్కూ కదలాల్సి ఉంటుంది. ఆ బరువు పనిని స్పీకర్ల మీదనుంచి దించి, తనకోసమే అమర్చిన సొంత ఆంప్లిఫైయర్‌తో నెత్తికెత్తుకునే పెట్టె పవర్డ్ సబ్‌వూఫర్. దీనివల్ల కలిగే మొదటి లాభం చాలామంది ఊహించనిది: బేస్ పెరగడం కన్నా ముందు గాయకుడి గొంతు తేటపడుతుంది. చిన్న కోన్ ఇక మంద్రాన్ని మోయక్కర్లేదు కనుక తనకు చేతనైన పనిని హాయిగా చేసుకుంటుంది.

ఇక ఎంపిక సంగతి. పదిహేనేళ్ల కిందట నేను కొన్న మొదటి సబ్‌వూఫర్ గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. దాని ముందు భాగాన వేల వాట్ల పీఎంపీఓ అని బంగారు రంగు అక్షరాలతో అచ్చేసి ఉంది. దుకాణదారు దాన్ని గట్టిగా మోగించి చూపిస్తే గుండె మీద గుద్దినట్టయింది, వెంటనే డబ్బిచ్చేశాను. ఇంటికి తెచ్చి పెట్టుకున్నాక మృదంగం, డోలు, సినిమాలో తలుపు మూసిన చప్పుడు, అన్నీ ఒక్కలాగే బొయ్యిమని వినిపించాయి. విసుగెత్తి ఒకరోజు పెట్టె వెనక్కి తిప్పి చూస్తే, అది కరెంటు బోర్డు నుంచి తీసుకునేదే 45 వాట్లని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. 45 వాట్లు తినే యంత్రం నిలకడగా అంతకన్నా ఎక్కువ ఎలా ఇస్తుంది? పీఎంపీఓ అన్న లెక్కకు అందరూ ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. కనుక నువ్వు ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇచ్చేవి, ఎన్నో అడుగు, వెనక రాసి ఉన్న కరెంటు వాడకం కూడా చూడు. అయితే ఈ వాట్ల మీద మరీ మనసు పెట్టకు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. రెట్టింపు బిగ్గరగా వినిపించాలంటే సుమారు పదిరెట్ల వాట్లు కావాలి.

వాట్లకన్నా కోన్ వైశాల్యమూ, పెట్టె కట్టిన తీరూ ముఖ్యం. పన్నెండంగుళాల కోన్ వైశాల్యం ఎనిమిదంగుళాల దానికి రెండుంపావు రెట్లుంటుంది, కనుక పెద్దది ఎక్కువ గాలిని తక్కువ శ్రమతో కదిలిస్తుందన్న మాట నిజమే. కానీ నాసిరకం పెట్టెలో బిగించిన పన్నెండంగుళాల దానికన్నా బరువైన మ్యాగ్నెట్టూ, వేలితో తట్టితే రాయిలా మూగగా పలికే చెక్కా ఉన్న పదంగుళాలది నీ హాలుకు ఎంతో మేలు. పెట్టెల్లో రెండు రకాలున్నాయి. పోర్టు ఉన్నది, అంటే గాలి బయటికి పోవడానికి గొట్టం ఉన్నది, తక్కువ వాట్లతోనే లోతైన నాదాన్ని గట్టిగా ఇస్తుంది, కానీ ఆ గొట్టం శ్రుతి ఎక్కడుందో దాని దిగువన ఒక్కో స్థాయికి 24 డెసిబెల్స్ చొప్పున ఒక్కసారిగా పడిపోతుంది. పూర్తిగా మూసిన పెట్టె ముందునుంచే తగ్గడం మొదలుపెట్టినా 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా దిగుతుంది. మూసిన గది కూడా అడుగు నాదాలకు కొంత ఊతమిస్తుంది కనుక చిన్న హాల్లో ఆ లోటు అంతగా తెలియదు. సినిమాలే ప్రధానమైతే పోర్టుది కొనమనేవాణ్ణి. నువ్వు వినేది ఎక్కువగా కచేరీలు కనుక మూసిన పెట్టెలో పదంగుళాలది కొనమని నా గట్టి సలహా. విశాఖపట్నం వెళ్లి కొనేటట్టయితే మనకు బాగా తెలిసిన మృదంగం రికార్డింగు ఒకటి వెంట తీసుకువెళ్లి, గట్టిగా కాకుండా ఇంట్లో వినేంత శబ్దంతోనే పెట్టించుకుని విను. దెబ్బకూ దెబ్బకూ నడుమ నిశ్శబ్దం వినిపిస్తే అది మంచి పెట్టె.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మంచి సబ్‌వూఫర్ కొన్నవాళ్లలో చాలామంది దాన్ని టీవీ పక్కన ఖాళీ ఉన్న మూలలో పెట్టి, బేస్ ఎక్కువైందనో చాలలేదనో బాధపడుతూ ఏళ్లు గడిపేస్తారు. తప్పు పెట్టెది కాదు, చోటుది. మీ ఊళ్లో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో డప్పులు వీధిలో మోగుతుంటే ప్రతి దెబ్బా ఎంత తెగినట్టు వినిపిస్తుందో నీకు తెలుసు. అక్కడ నాదాన్ని వెనక్కి తిప్పే గోడలు తక్కువ, పైన కప్పు అసలే లేదు. హాల్లో అలా కాదు. 40 హెర్ట్జ్ నాదం అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లకు పైనే ఉంటుంది. మీ హాలు 14 అడుగుల పొడవని రాశావు, అంటే సుమారు 4.27 మీటర్లు, ఆ అలలో దాదాపు సగం. ఆ లెక్కన మీ హాలు 40 హెర్ట్జ్ దగ్గర తానే ఒక వాద్యంలా మోగుతుంది. ఎదురెదురు గోడల దగ్గర ఆ నాదం ఉబ్బిపోతుంది, సరిగ్గా నడిమధ్యన కూర్చున్నవాడికి దాదాపు వినిపించనే వినిపించదు. 11 అడుగుల వెడల్పు వల్ల 51 దగ్గర, పదడుగుల ఎత్తు వల్ల 56 దగ్గర ఇదే జరుగుతుంది. పొడవూ వెడల్పూ సమానం కానందుకు సంతోషించు; నలుచదరపు గదిలో ఈ రెండు మోతలూ ఒకే చోట పడి ఇంకా ఇబ్బంది పెట్టేవి. మా పాత పెంకుటింట్లో నాదం పైకప్పు సందుల్లోంచి చాలావరకు బయటికి పోతుంది, అందుకే మాకు మోత తక్కువ. మీది స్లాబు ఇల్లు, నేల నిండా టైల్స్, ఎక్కడికీ పోదు.

దీనికి ఎవరో కనిపెట్టిన ఉపాయం ఒకటుంది, చూడ్డానికి విచిత్రంగా ఉన్నా నేను చేసి చూసి నమ్మాను. నువ్వు రోజూ కూర్చునే సోఫాను పక్కకు జరిపి, ఆ చోట ఒక గట్టి బల్ల వేసి, సబ్‌వూఫర్‌ను నీ తల ఉండే ఎత్తుకు దగ్గరగా దానిమీద నిలబెట్టు. బేస్ గిటారు మెట్టు మెట్టుగా దిగే పాటేదైనా పదేపదే వచ్చేలా పెట్టి, నువ్వు గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ చెవి నేలకు జానెడు ఎత్తులో ఉంచి విను. మూలలో అన్నీ కలిసి ఒకే హోరుగా ఉంటాయి. అక్కడినుంచి రెండడుగులు జరిగితే ఒక స్వరం మాయమవుతుంది. ఇంకా జరుగుతుంటే ఒకచోట దిగే ప్రతి మెట్టూ దేనికదే, ఒకే బలంతో వినిపిస్తుంది. మా ఇంట్లో ఆ చోటు తలుపుకూ బీరువాకూ నడుమ, గోడకు అడుగున్నర ఎడంగా దొరికింది. నేను ముందు అనుకున్న మూలకు అది ఏడడుగుల దూరం. దొరికిన చోట సుద్దముక్కతో గీత గీసి, పెట్టెను అక్కడికి మార్చి, సోఫాను మళ్లీ దాని చోట వేసుకో. నాదం పుట్టే చోటూ వినే చోటూ తారుమారైనా గది ఒకేలా ప్రవర్తిస్తుంది, ఉపాయమంతా అందులోనే ఉంది. ఆ చోట పెట్టెను చూసి చెల్లెమ్మ అభ్యంతరం చెబితే, రెండు మూడు మంచి చోట్లు గుర్తుపెట్టుకుని వాటిలో ఒకటి ఎంచుకోమని ఆమెకే వదిలెయ్యి. సోఫాను మాత్రం హాలు నడిమధ్యనా, వెనక గోడకు ఆనించీ వేయకు.

తీగల సంగతి తేలిక. నీ రిసీవర్ వెనక సబ్‌వూఫర్ అని రాసి ఉన్న రంధ్రం నుంచి ఒకే ఆర్‌సీఏ వైరుతో కలుపు. ఎక్కడినుంచి కిందిది సబ్‌వూఫర్‌కు పోవాలో రిసీవరే విడదీస్తుంది కనుక పెట్టె మీదున్న క్రాసోవర్ మరను చివరిదాకా పైకి తిప్పెయ్యి, లేకపోతే రెండుసార్లు వడపోసినట్టవుతుంది. రిసీవర్‌లో స్పీకర్లను 'స్మాల్' అని పెట్టి, విడదీసే హద్దు 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టు. అంతకన్నా కింది నాదం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి సులువుగా పట్టుకోలేదు, కాబట్టి పెట్టె పక్క గోడ దగ్గరున్నా మృదంగం టీవీ దగ్గరే మోగుతున్నట్టు ఉంటుంది. హద్దును 120కి పెంచితే మగగొంతు కొంత పెట్టెలోంచి వస్తున్నట్టు పసిగట్టేస్తావు.

తర్వాత ఫేజ్ అనే మీట. నువ్వు సోఫాలో కూర్చుని, మీ అబ్బాయిని పెట్టె వెనక నిలబెట్టి, ఒకే బేస్ స్వరం మోగుతుండగా 0కూ 180కీ మార్చమను. ఏ వైపు నాదం నిండుగా వినిపిస్తే అదే సరైనది, ఎందుకంటే రెండో వైపున సబ్‌వూఫరూ స్పీకర్లూ ఒకదాన్నొకటి చెరుపుకుంటున్నాయి. ఆఖరున వాల్యూమ్. పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, పెట్టె పనిచేస్తోందని తెలిసేదాకా నెమ్మదిగా పెంచి, అక్కడినుంచి వెంట్రుకవాసి వెనక్కి తిప్పు. సబ్‌వూఫర్ బాగుందని వచ్చినవాళ్లెవరైనా అంటే ఎక్కువైందని అర్థం. తీసేసినప్పుడు మాత్రమే అయ్యో ఏదో పోయిందే అనిపించాలి. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. శబ్దం తగ్గించి వింటే మన చెవికి బేస్ మిగతావాటికన్నా త్వరగా సన్నబడిపోతుంది, 1933లోనే ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. కనుక రాత్రి పిల్లలు పడుకున్నాక చిన్నగా వినేటప్పుడు కొంచెం పెంచుకోవడం తప్పు కాదు.

గుయ్యిమనే మోత వస్తే కంగారుపడకు. ఆర్‌సీఏ వైరు పీకి చూడు. ఆగిపోతే పెట్టె మంచిదే, మోత తీగల వెంబడి వస్తోంది, చాలాసార్లు కేబుల్ టీవీ తీగే దానికి కారణమవుతుంది. అన్ని యంత్రాలనూ ఒకే బోర్డుకు కలిపితే తరచూ పోతుంది. ఎవరు చెప్పినా ఎర్తు పిన్ను మాత్రం తీయించకు, అది నీ ప్రాణానికి కాపలా. పెట్టెను నేలమీద కాకుండా జానెడు ఎత్తు గట్టి పీట మీద, అడుగున రబ్బరు చాపతో పెట్టు; కింది వాటాలో ఉన్నవాళ్లకు అదురు తగ్గుతుంది, తుపాను నీళ్లకూ దూరంగా ఉంటుంది. తిత్లీ తుపాను నాడు మా హాల్లోకి నీళ్లొచ్చినప్పుడు మొదట తడిసింది నేలమీదున్న సబ్‌వూఫరే.

కింద రాసినవి మాత్రం వెంటనే తెలియజెయ్యి: సోఫా వెనక గోడకు కిటికీ ఉందా, స్టీలు సామాన్ల అల్మరా హాల్లోనే ఉందా, కరెంటు బోర్డులు ఏ ఏ గోడలకున్నాయి. అల్మరా హాల్లోనే ఉంటే పళ్లేల నడుమ గుడ్డలు పెట్టించు, 40 దగ్గర అవి గలగలలాడక మానవు. పెట్టె ఇంటికి చేరిన రోజు కబురు చెయ్యి. వారంలోగా నేనే వస్తాను, పందిరి రోజుల నాటి నాదానికి దగ్గరగా వచ్చిన రికార్డింగు ఒకటి నా దగ్గరుంది, దాన్ని పట్టుకుని వస్తాను. పాకడానికి నువ్వు, చెవి పెట్టడానికి నేను.

నీ బాల్యమిత్రుడు