చిన్నోడి పళ్ళ గురించి

చి. సౌ. కవితను నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. వానలు తగ్గినయ్. మీ అమ్మ మోకాళ్ళు కొంచెం నయం. దసరా తర్వాత నువ్వు వీడియో కాల్ చేయలేదు, పనులుంటయ్ లే. మొన్న పెళ్ళిలో మీ అత్తగారు కలిసి, చిన్నోడు ఒక పక్కనే నములుతున్నడని, ముందుపళ్ళు నల్లబడ్డయని చెప్పింది. మాకెందుకు చెప్పలేదు బిడ్డా?

చిన్నోడికింకా రాత్రి పాలసీసా ఇస్తున్నవా? సీసాతో నిద్రపోతే పాలు రాత్రంతా పళ్ళ మీదే నిలుస్తయ్, నిద్రలో నోట్లో ఉమ్మి కూడా తక్కువ ఊరుతది. పై ముందుపళ్ళు మొదట చెడేది అందుకే. చిగురు దగ్గర సున్నంగీత లెక్క తెల్లగా కనబడ్డప్పుడే చూపిస్తే అక్కడికి ఆపొచ్చు.

పాలపళ్ళే గదా, ఊడిపోతయ్ అనకు. మీ సావిత్రత్త కొడుకు శీను విషయంల అట్లనే అన్నది. ఏడేళ్ళకు దవడపన్ను పుచ్చితే లవంగనూనె పెట్టింది, తాయెత్తు కట్టింది. సంతలో ఒకడు పురుగు తీస్తనని తెల్లపురుగును చూపిస్తే, మీ మామ దాన్ని కాగితంల కట్టుకొచ్చి వాడంతా చూపించిండు! పన్నులో పురుగుంటదా? సద్దుల బతుకమ్మ నాడు దవడ వాచి కన్ను మూసుకపోయింది. ఆ రాత్రే హైదరాబాద్ తీసుకపోయినం, పన్ను పీకేసిన్రు. పదేళ్ళు దాటేదాకా ఉండాల్సిన పన్ను అది. ఆ సందులోకి పక్కపన్ను ఒరిగింది, కొత్తదానికి చోటులేక అడ్డంగా మొలిచింది. వాడి పెళ్ళి ఫోటోలు తీసి చూడు, ఒక్కదాంట్ల కూడా పళ్ళు కనబడవ్.

ఫ్లోరైడ్ పేస్టు వద్దంటున్నవట. నల్లగొండ బిడ్డవు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తో పళ్ళు, ఎముకలు చెడిన మనుషుల్ని చూసినవ్, భయం ఉంటది. వాళ్ళను ఖరాబు చేసింది పేస్టు కాదు, ఏళ్ళకేళ్ళు తాగిన ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్ళు. వెంకన్న బిడ్డ పిల్లల పళ్ళ డాక్టరీ చదువుతుంది గదా, ఆమెను అడిగిన. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, తర్వాత బఠాణీగింజంత పేస్టు చాలట. నువ్వే తోమి ఉమ్మించు, వాడి చేతికియ్యకు.

మొదటి పన్ను వచ్చిన ఆరునెలల్లోపే, ఏడాది నిండకముందే ఒకసారి చూపించాలట. వీడికి నాలుగు నిండుతున్నయ్. పుచ్చు పెరగకుండా వెండి, ఫ్లోరైడ్ కలిసిన మందు రాస్తరట, రాసినచోట నల్లబడతది. రాస్తే మీ అత్తగారికి ముందే చెప్పు, లేకుంటే డాక్టరే ఖరాబు చేసిండంటది.

శనివారమే తీసుకపో. ఇంజక్షన్ అని భయపెట్టకు. ఈసారి బెల్లం అరిసెలు పంపుత లేను, సకినాలు పంపుతున్న. డాక్టరు ఏమన్నడో ఆ సాయంత్రమే ఫోన్ చెయ్, మీ అమ్మ ఎదురుచూస్తది.

మీ నాన్న