అందరికీ అదే ఇరవై

సంపాదకులకు నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో 22 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. చలికాలం వచ్చిందంటే దగ్గు, ఆయాసంతో వచ్చేవాళ్లతో మా వార్డు నిండిపోతుంది. వాళ్ల కేస్ షీట్లలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసే అంకె గురించి ఈ ఉత్తరం. జ్వరం 101.2 అని పాయింటుతో సహా రాస్తాం. బీపీ చూసే రాస్తాం. శ్వాస దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్లందరికీ 20, పిల్లలకైతే 24. లెక్కపెట్టకుండా రాసే అంకెలు అవి.

నేనూ రాశాను. మూడేళ్ల కిందట రాత్రి డ్యూటీలో తొమ్మిది నెలల బాబును తీసుకొచ్చారు. జ్వరం పెద్దగా లేదు. ఆక్సీమీటర్ 95 చూపించింది. 24 అని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. గంట తర్వాత వాళ్లమ్మ వచ్చి, "మేడం, బాబు డొక్కలెగరేస్తున్నాడు, ఒక్కసారి చూడండి" అంది. బాబు ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు. చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాను. 64. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి పోతోంది. వెంటనే డాక్టరుగారిని పిలిచాం. నిమ్ము అని తేలింది. ఆరో రోజు బాబు ఇంటికి వెళ్లాడు. నా చేత్తో రాసిన ఆ 24ను మాత్రం నేను మర్చిపోలేదు.

రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60, ఏడాది లోపు వాళ్లకు 50, ఐదేళ్ల లోపు వాళ్లకు 40 లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. ఆశా కార్యకర్తలకు కూడా నేర్పే లెక్కే ఇది. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. పసిపిల్లల ఊపిరి ఒక్కలా ఉండదు కాబట్టి పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 ఉండాలి. లెక్కపెడుతున్నామని తెలిస్తే వాళ్ల ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఛాతీని గమనించాలని మాకు మా ట్యూటర్ నేర్పారు.

కరోనా తర్వాత అందరికీ ఆక్సీమీటర్ మీద నమ్మకం ఎక్కువైంది. వేళ్లు చల్లబడినా, నెయిల్ పాలిష్ ఉన్నా అది తప్పు చూపించవచ్చు. పైగా చాలాసార్లు ఆక్సిజన్ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. ఆ సమయంలోనే పట్టుకోవాలి కదా!

నా తోటి నర్సులను తప్పుబట్టడానికి నాకు మనసు రాదు. రాత్రి 40 మందికి ఒక్కరమే ఉంటే, ఒక్కో నిమిషం చొప్పున లెక్కేసినా 40 నిమిషాలు దీనికే పోతాయి. ఈలోగా సెలైన్లు, ఇంజెక్షన్లు, నెబులైజర్లు ఆగవు. అధికారులు చలికాలంలోనైనా రాత్రికి రెండో నర్సును ఇవ్వాలి. ప్రతి వార్డు గోడకు సెకన్ల ముల్లున్న గడియారం పెట్టించాలి. డ్యూటీ మారేటప్పుడు హెడ్ నర్సు ఇద్దరు ముగ్గురు రోగుల దగ్గరైనా నిలబడి శ్వాస మళ్లీ లెక్కపెట్టించాలి.

తల్లులకూ ఒక మాట. బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా చొక్కా పైకెత్తి మాకు చూపించండి. మేం పనిలో పడి విసుక్కున్నా సరే, మళ్లీ పిలవండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
ఖమ్మం జిల్లా