ఈ సెలవుల్లో మీ వాకిట్లో ఒక కొయ్య ఆట

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

వేసవి సెలవులకు ముందు నేను రాసే లేఖలో ఏటా చదవవలసిన పాఠాలు, చేయవలసిన లెక్కల జాబితా ఉండేది. ఈసారి ఆ జాబితాను తరగతి ఉపాధ్యాయులకు అప్పగించి, నేను మిమ్మల్ని ఒకే ఒక్కటి అడుగుతున్నాను. జూన్ 12న బడి తెరిచేలోగా మీ పిల్లలతో కలిసి కూర్చుని, ఒక కొయ్య ఆటను ఇంట్లోనే తయారు చేయండి.

సెలవుల్లో మన ఇళ్ళు నిండుగా ఉంటాయి. ఆవకాయ పెట్టే రోజున అత్తలు, పిన్నులు ముక్కలు తుడుస్తూ ఉంటారు, మామయ్యలు పెళ్ళి పిలుపులకు వస్తారు, అరడజను మంది పిల్లలు ఒకచోట చేరతారు. అంతమంది ఉండీ తలా ఒక మూల ఫోను పట్టుకుని కూర్చోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. డెబ్భై ఏళ్ళ తాతయ్య, ఏడేళ్ళ మనవరాలు ఒకే నేల మీద నిలబడి సమానంగా ఆడగలిగిన ఆట ఒకటి ఇంట్లో ఉంటే, సాయంత్రం ఐదున్నర తరువాత వాళ్ళను ఎవరూ పిలవనక్కరలేదు.

అలాంటి ఆటల్లో మన పిల్లలకు బాగా నచ్చినది మోల్కి. ఇది 1996లో ఫిన్లాండ్ దేశంలోని లాహ్తి నగరంలో రూపుదిద్దుకుంది. అంకెలు రాసిన పన్నెండు కొయ్య దిమ్మలను దగ్గర దగ్గరగా నిలబెట్టి, మూడున్నర మీటర్ల దూరం నుంచి ఒక కర్రను చేతిని కింది నుంచి ఊపుతూ విసిరి వాటిని పడగొట్టాలి. ఒక్క దిమ్మ పడితే దాని మీది అంకె ఎంతో అన్ని పాయింట్లు, ఒకటి కంటే ఎక్కువ పడితే పడిన దిమ్మల సంఖ్యే పాయింట్లు. పడిన దిమ్మను పడినచోటే తిరిగి నిలబెడతారు కాబట్టి ఆట సాగేకొద్దీ దిమ్మలు దూరదూరంగా చెదిరిపోతాయి. సరిగ్గా 50 చేరినవారు గెలుస్తారు, 50 దాటితే 25కు వెనక్కి వెళ్ళాలి, వరుసగా మూడుసార్లు ఒక్కటీ పడగొట్టలేకపోతే ఆటలోంచి తప్పుకోవాలి. పచ్చిక ఉండి తీరాలని లేదు, ఫిన్లాండ్‌లోనూ కంకర నేల మీద ఆడుతుంటారు. మన ఊళ్ళో కళ్ళాపి చల్లి గట్టిపడిన వాకిలి దీనికి చాలా బాగుంటుంది.

నిరుడు మన మైదానంలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె 37 దగ్గర ఆగి, విసరకుండా చాలాసేపు నిలబడింది. ఇంకా 13 కావాలి, కానీ ఒక్క విసురుకు 12 కంటే ఎక్కువ రావు కదా అని తనలో తాను అనుకుంటూ, ముందు 5 కొడితే 8 మిగులుతుందని, 8వ దిమ్మ దొర్లుకుంటూ తన దగ్గరికే వచ్చిందని గమనించి, ఆ రెండింటినీ అదే వరుసలో కొట్టింది. నల్లబల్ల మీద లెక్క అంటే భయపడే పిల్ల ఆ అమ్మాయి. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఆ నిమిషమే.

దిమ్మలకు సరుగుడు కంటే మంచి కర్ర నాకు తోచదు. మన చీరాల, బాపట్ల వైపు తోటలకు కొదవ లేదు, అడితిలో చవకగా దొరుకుతుంది, పైగా సహజంగానే గుండ్రంగా ఉంటుంది. 6 సెంటీమీటర్ల మందం గల ఆరడుగుల వాసం ఒకటి చాలు. ఒక్కో దిమ్మ ఎత్తు 15 సెంటీమీటర్లు, పైతలను 45 డిగ్రీల ఏటవాలుగా కోసి ఆ ముఖం మీద అంకె వేయాలి. పన్నెండు దిమ్మలకు 180 సెంటీమీటర్లు పోతుందని, ఇంక విసురు కర్రకు మిగలదని మొదట మేమూ అనుకున్నాం. 24 సెంటీమీటర్ల ముక్కను మధ్యలో ఒక్క ఏటవాలు కోతతో కోస్తే రెండు దిమ్మల పైతలలూ ఒకేసారి వస్తాయని ఎనిమిదో తరగతి పిల్లలు బొమ్మ గీసి చూపించారు. అప్పుడు ఆరు ముక్కలకు 144, విసురు కర్రకు 22.5 పోగా రంపపు కోతకు కూడా మిగులుతుంది. ఈ లెక్కను మీ పిల్లల చేతే చేయించండి, మీరు ముందుగా చెప్పకండి.

కర్ర మాత్రం బాగా ఆరినదై ఉండాలి. నిరుడు నేను తొందరపడి పచ్చి వాసం తెప్పించి ఆ వారమే కోయించాను. పది రోజులకు చివరల నుంచి బీటలు వచ్చి, రెండు దిమ్మలు ఆటలోనే చీలిపోయాయి. పందిరికి వాడి తీసేసిన పాత వాసం దొరికితే అదే మేలు. పచ్చిదే దొరికితే రెండు కొసలకూ మైనమో రంగో పూసి, కొన్ని వారాలు నీడన ఆరనివ్వండి.

రంపం పెద్దలే పట్టాలి. నున్న చేసే పని పూర్తిగా పిల్లలది. ముందు 80 నంబరు ఉప్పుకాగితంతో, తరువాత 120తో, కర్ర నార పోయే వైపుగానే రుద్దమనండి. అయిందో లేదో తెలుసుకోవడానికి పాత నూలు గుడ్డను దిమ్మ చుట్టూ జార్చి చూడాలి, ఒక్క పోగు కూడా ఎక్కడా చిక్కుకోకూడదు. అంచులను ఆకురాయితో కొంచెం గుండ్రం చేస్తే దెబ్బకు పెచ్చులు లేవవు. నిలబెట్టేటప్పుడు ఆడేవారికి దగ్గరి వరుసలో 1, 2, దాని వెనుక 3, 10, 4, ఆ వెనుక 5, 11, 12, 6, చివర 7, 9, 8 ఉండాలి.

ఇంత పని చేయలేనివారు బిళ్ళంగోడు చేయండి. తెలంగాణలో దీన్నే చిర్రగోనె అంటారు. ఒక మూర పొడుగు కోడు, అంటే కొట్టే కర్ర, నాలుగైదు అంగుళాల బిళ్ళ చాలు. బిళ్ళ రెండు కొసలూ సన్నబడాలి గాని సూదిగా ఉండకూడదు. ఈ ఆటలో కంటికి దెబ్బ తగిలే ప్రమాదం నిజంగా ఉంది కనుక, చిన్న పిల్లలను ఎదురుగా నిలబడనివ్వవద్దని, పెద్దలు ఒకరు దగ్గర లేకుండా ఆడనివ్వవద్దని గట్టిగా కోరుతున్నాను. ఏ ఆటైనా ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదున్నర తరువాత మాత్రమే ఆడించండి, కూజాలో మంచినీళ్ళు పక్కనే పెట్టండి.

ఇంట్లో పనిముట్లు లేనివారు సెలవులకు ముందు వచ్చే రెండు శనివారాలు ఉదయం ఏడింటికి బడికి వస్తే రంపం, ఆకురాళ్ళు, ఉప్పుకాగితం సిద్ధంగా ఉంటాయి. వడ్రంగం తెలిసిన తల్లిదండ్రులు ఆ రెండు పూటలూ మాకు తోడుగా ఉండగలిగితే తరగతి ఉపాధ్యాయులకు ముందుగా తెలియజేయండి. జూన్ చివరి శనివారం సాయంత్రం మన మైదానంలో అందరం కలుద్దాం. మీరు చేసిన ఆటను వెంట తెండి, బీటలు వారిన దిమ్మ ఉంటే దాన్ని కూడా తెండి, ఎక్కడి నుంచి చీలిందో పిల్లలందరికీ చూపిద్దాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు