మందు మార్చారు, గొట్టం మార్చలేదు

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతంతో మంచాన పడ్డ మా నాన్నగారికి నాలుగు నెలలుగా మూత్రం గొట్టం ఉంది. రెండు నెలల్లో మూడుసార్లు చలిజ్వరం. వచ్చినప్పుడల్లా ఓ యాంటీబయాటిక్ కోర్సు, వారం బాగుండడం, మళ్లీ మొదటికి రావడం. మూడోసారి వేరే డాక్టరుగారు ముందు ఆ గొట్టాన్నే (కేథటర్) తీయించారు. కత్తిరించి చూపిస్తే లోపల బూడిదరంగు జిగురు, దాని మీద సున్నంలా గరగర.

ఆ జిగురే బయోఫిల్మ్. బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుని, చక్కెరలు, ప్రొటీన్లతో తమ చుట్టూ కట్టుకునే పొర. మందు సరిగా లోపలికి దిగదు. దిగినా అడుగున ఉన్నవి ఎదుగుదల ఆపి నిద్రపోతున్నట్టు ఉంటాయి కాబట్టి చావవు. వీటిని చంపాలంటే వంద నుంచి వెయ్యి రెట్ల మోతాదు కావాల్సి రావచ్చట. అంత మందు మనిషి తట్టుకోగలడా! పళ్ల పాచి కూడా ఇలాంటి పొరే. 1680ల్లోనే, సూక్ష్మదర్శినితో బ్యాక్టీరియాను తొలిసారి చూసిన లీవెన్‌హుక్ వెనిగర్‌తో పళ్లు కడిగి చూసి, పాచి పైపైన ఉన్న జీవులే చచ్చాయని రాశాడు.

పాచి పుక్కిలిస్తే పోదు, తోమాలి. గొట్టం లోపల తోమలేం కనుక తీసేయాలి. రెండు వారాలు దాటిన కేథటర్‌తో ఇన్‌ఫెక్షన్ వస్తే ముందు దాన్ని మార్చి, కొత్తదాని నుంచే కల్చర్‌కు (ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే పరీక్షకు) మూత్రం తీయాలని వైద్య మార్గదర్శకాలూ చెబుతున్నాయి. జిగురును కరిగించే ఎంజైములు, బ్యాక్టీరియాను చంపే ఫేజ్‌లు అనే వైరస్‌లు పరిశోధనలో ఉన్నాయి; అవి మా ఊరు చేరేదెప్పుడో. ఈలోగా డాక్టర్లకు నా విన్నపం: గొట్టం ఏ తేదీన మార్చాలో, అసలు ఇంకా అవసరమో కాదో డిశ్చార్జి కాగితం మీద రాసివ్వండి. మా కాగితంలో పదకొండు మందుల పేర్లున్నాయి, ఆ తేదీ మాత్రం లేదు.

— ఓ పాఠకుడు, తెనాలి