రక్తం పడితే మొలలేనా?

సంపాదకుల వారికి,

మా ఊళ్లో ఏ గోడ చూసినా మొలల వైద్యం ప్రకటనలే. 72 ఏళ్ల మా నాన్నగారు మలంలో రక్తం పడుతోందని రెండేళ్లు ఆ మందులే మింగారు. మొలలు నిజంగానే ఉన్నాయి, చిక్కల్లా అక్కడే వచ్చింది. నొప్పి లేదు గానీ హిమోగ్లోబిన్ 6కి పడిపోయింది. చివరికి కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తే పెద్దపేగు మొదట్లో, కుడివైపున, ఉబ్బి పలచబడిన రక్తనాళాలు కనిపించాయి. యాంజియోడిస్ప్లేసియా అన్నారు. ఆర్గాన్ వాయువుతో అక్కడికక్కడే మాడ్చేశారు. కోతా లేదు, కుట్టూ లేదు.

అరవై దాటినవాళ్లలోనే ఇది ఎక్కువట. కిడ్నీలు దెబ్బతిన్నవారికి, గుండెలో బృహద్ధమని కవాటం ఇరుకైనవారికి మరీను. కవాటం ఇరుకుకీ పేగులో రక్తం పోవడానికీ ఉన్న ఈ ముడి 1958లో ఎడ్వర్డ్ హైడ్ అనే అమెరికా వైద్యుడు ఒక వైద్యపత్రిక సంపాదకుడికి రాసిన చిన్న ఉత్తరంతో వెలుగులోకి వచ్చింది (ఉత్తరాలను తేలిగ్గా తీసేయకండి మరి!). ఇరుకులోంచి రక్తం దూసుకెళ్లేటప్పుడు, అది గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రొటీన్ తెగిపోతుందని తర్వాత తేలింది. కవాటం మారిస్తే చాలామందికి రక్తం పోవడం ఆగుతోంది.

పెద్దవయసువారికి రక్తం పడితే, మొలలున్నా సరే, ఒక్కసారి పేగు పరీక్ష చేయించాలని మీ ఆరోగ్యం పేజీలో నిపుణులతో రాయించండి. ఆ గోడరాతల సంగతి వైద్యశాఖ చూడాలి.

— ఒక పాఠకుడు, తెనాలి