బోల్ట్ లెక్క పాపదే సరి

ప్రొద్దుటూరు

చిన్నాకు నాయన దీవెనలు.

మొన్న నువ్వూ పాపా వీడియో కాల్‌లో మ్యాజిక్ కార్డుల ఆట ఆడుతూ, పాప లైట్నింగ్ బోల్ట్ కార్డుకు ఎంత కట్టాలని గొడవపడి ఫోన్ పెట్టేశారు. అప్పటినుంచి అది కార్డులు ముట్టుకోవడం లేదు. నీ మాట మీద దానికి గురి ఎక్కువ, అందుకే బాధ కూడా ఎక్కువ. రాత్రి అంగడి మూసినాక రూల్స్ ముందేసుకుని చదివాను. బోల్ట్ లెక్క పాపదే సరి.

నీ థాలియా కార్డు వల్ల క్రీచర్ (ప్రాణి) కాని స్పెల్ ఎవరు వేసినా దాని ఖరీదు 1 మానా (కార్డు వేయడానికి కట్టే శక్తి) పెరుగుతుంది. పాప గోబ్లిన్ ఎలక్ట్రోమాన్సర్ కార్డు, పాప వేసే ఇన్‌స్టంట్, సార్సరీ రకం మంత్రాలకు 1 తగ్గిస్తుంది. లైట్నింగ్ బోల్ట్ ఇన్‌స్టంటే, దాని ఖరీదు ఒకే ఒక్క ఎర్ర మానా. నువ్వేమన్నావు? ముందు తగ్గింపు చూస్తే అందులో తగ్గించడానికి ఏమీ లేదు, తర్వాత థాలియా 1 కలుపుతుంది, కాబట్టి 2 కట్టు అన్నావు. వినడానికి బాగానే ఉంది, కానీ వరస అది కాదు. ముందు పెంచేవన్నీ కలపాలి, ఆ తర్వాతే తగ్గించేవి తీసేయాలి. ఏ కార్డు ముందు టేబుల్ మీదికొచ్చిందన్నది లెక్కలోకి రాదు. థాలియా కలిపిన 1 ఏ రంగు మానాతోనైనా కట్టగలిగేది. దాన్ని ఎలక్ట్రోమాన్సర్ కొట్టేస్తుంది. మిగిలేది ఆ ఎర్ర మానా ఒక్కటే.

ఆ రంగు మానాను మాత్రం ఎలక్ట్రోమాన్సర్ తగ్గించలేదు. డివినేషన్ అనే సార్సరీకి ఏ రంగైనా 2, నీలం 1 కట్టాలి. రెండు ఎలక్ట్రోమాన్సర్లుంటే నీలం 1తో అయిపోతుంది. మూడోది వచ్చినా ఆ నీలం కట్టాల్సిందే.

ఇక నీ ట్రినిస్ఫియర్, 2004లో డార్క్‌స్టీల్ సెట్‌లో వచ్చిన కార్డు. దాన్ని అన్నిటికన్నా చివర చూడాలి. కూడికలూ తీసివేతలూ అయ్యాక మొత్తం 3 కన్నా తక్కువుంటే 3 చేస్తుంది. థాలియా తోడున్నా బోల్ట్‌కు 3 కట్టాలి, 4 కాదు. ట్రినిస్ఫియర్ ట్యాప్ అయి (అడ్డంగా తిప్పి) ఉంటే పని చేయదు, అంతే. బోల్ట్ లాంటి చిన్న స్పెల్స్‌కు పాప తగ్గింపులు దాని ముందు వృథా. ఇంత బలం చేతిలో పెట్టుకుని, లేని 1 కోసం చెల్లెలితో పోట్లాడతావా?

పాప కూడా ఒకచోట పొరబడింది. నీ చాలిస్ ఆఫ్ ది వాయిడ్ కార్డు మీద ఒక కౌంటర్ (గుర్తు బిళ్ల) ఉంటే, ట్రినిస్ఫియర్ వల్ల 3 కట్టాను కాబట్టి నా బోల్ట్‌ను అది ఆపదు అంది. ఆపుతుంది. చాలిస్ చూసేది కట్టిన మానాను కాదు, మానా వాల్యూను, అంటే కార్డు మీద అచ్చయిన ఖరీదును; అది కౌంటర్ల లెక్కకు సమానమైతే ఆపేస్తుంది. మన అంగట్లో నగకు తరుగూ మజూరీ ఎంత వేసినా, తెలిసినవాళ్లని ఎంత తగ్గించినా, కాటా మీద నగ బరువు మారదు కదా. బోల్ట్ మానా వాల్యూ 1, ఎంత కట్టినా 1. ఇది నేనే చెప్పాను. ముఖం ముడుచుకుంది కానీ ఒప్పుకుంది.

నీకు పనికొచ్చేది ఇంకోటి. ఫోర్స్ ఆఫ్ విల్ కార్డును మానా లేకుండా, 1 లైఫ్ (ప్రాణం పాయింటు) ఇచ్చి, చేతిలోని ఒక నీలం కార్డును ఎగ్జైల్ చేసి (ఆటలోంచి తీసేసి) వేయొచ్చు. అలా వేసినా థాలియా పెంచిన 1 తప్పదు. ట్రినిస్ఫియర్ ఉంటే 3 తప్పదు.

ఆదివారం పాపకు నువ్వే ఫోన్ చెయ్యి. బోల్ట్ లెక్క నీదే కరెక్ట్ అని నీ నోటితో చెప్పు. నేను చెబితే దానికి చాలదు. దసరాకు వచ్చేటప్పుడు దానికి కార్డులకు తొడిగే మంచి స్లీవ్స్ తీసుకురా. అమ్మ నీ దగ్గు తగ్గిందా అని అడుగుతోంది, దానికీ జవాబు చెప్పు.

మీ నాయన