మనిషే ఎందుకు వెళ్లాలో ముందే చెప్పాలి
వ్యోమగాముల ప్రయోగం జరిగిన ప్రతిసారీ నిప్పులు కక్కే రాకెట్ ఫొటోలే తప్ప, దాని ఖర్చు వివరం వార్తల్లో పెద్దగా కనిపించదు. లైవ్‌లో కౌంట్‌డౌన్ చూస్తుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. 1986లో అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ పైకెగిరిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు పోయిన సంగతి గుర్తొచ్చి, ఆ కాసేపూ టెన్షనే. అయితే 1977లో బయల్దేరిన వాయేజర్ వ్యోమనౌకలు రెండూ మనుషులెవరూ లేకుండానే గురు, శని గ్రహాలను దగ్గరగా చూపించాయి. అలాగని అంతరిక్షంలో మసకబారిన చూపుతో ఉన్న హబుల్ టెలిస్కోపును 1993లో బాగుచేసింది వ్యోమగాములే కదా! అందుకే మనుషుల యాత్రలు గంపగుత్తగా కావాలనో వద్దనో వాదించుకోవడం దండగ. ప్రతి యాత్రకూ నిధులిచ్చే ముందే మనిషిని పంపితే ఎంత, యంత్రాన్ని పంపితే ఎంత, మనిషే ఎందుకు వెళ్లాలి అన్నవి అంతరిక్ష సంస్థలు మామూలు భాషలో ప్రకటించాలి. పత్రికలు వాటిని రాకెట్ ఫొటో పక్కనే వేయాలి.